పరాయి పిల్లకు పాలు

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ మాట ఎవరన్నారో గానీ వాళ్లు బుగ్గమ్మను చూసి ఉండరు. బుగ్గమ్మ నోరంత మంచి నోరు పెద్దేముల్ చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ లేదు. అలాంటి నోట్లోంచి ముందరి పళ్లు రెండూ ఊరే రాలగొట్టింది. ఏ ఊరు అంటారా? పేరెందుకులెండి. ఆ ఇళ్లు ఇంకా ఉన్నాయి, ఆ ఇళ్లల్లో పిల్లలూ ఉన్నారు. తాండూరు నుంచి పెద్దేముల్ పోయే బండిబాట మీద, సగం ఎర్రనేల, సగం నల్లనేల ఉన్న ఊరనుకోండి, చాలు.

బుగ్గమ్మ కురుమల ఇంటి కోడలు. మొగుడు అంజిలయ్య కలరా గత్తర తగిలి ఒక్క పూటలో పోయాడు. పోతూ పోతూ నడక నేర్చిన కొడుకు బిచ్చయ్యనూ, నాలుగు మేకలు కలిసిన ఓ గొర్రెల మందనూ ఆమెకు వదిలిపోయాడు. ఆడది మంద కాస్తుందా అని నవ్విన వాళ్లు నవ్వారు. ఆమె గొంగడి నెత్తిన వేసుకుని, కొడుకును నడుముకు కట్టుకుని, మంద వెనక పోయింది. ఎండాకాలం కోతలయ్యాక రైతులు పిలిస్తే వాళ్ల చేలల్లో మందను కూర్చోబెట్టేది. గొర్రెలు పడుకున్న చోట పెంట పడుతుంది, మూత్రం పడుతుంది, నేలకు బలం వస్తుంది. అందుకు రైతు జొన్నలు కొలుస్తాడు, పొద్దున్నే కాపరులకు రొట్టె పెడతాడు. కురుమలకు తిండీ మర్యాదా రెండూ ఆ పిలుపులోనే ఉన్నాయి. ఫలానా వాళ్ల మందను ఎవరూ పిలవలేదంటే వాళ్లు ఊళ్లో ఉన్నా లేనట్టే.

ఆమెకు ఇంకో పని బాగా వచ్చు. మందలు ఈనే కాలంలో ఒక గొర్రెకు పిల్ల చస్తుంది, ఇంకో పిల్లకు తల్లి చస్తుంది. ఆ గొర్రె పొదుగు పాలతో పగులుతుంటుంది, ఈ పిల్ల ఆకలికి అరుస్తుంటుంది. కలిసిపోతే ఇద్దరికీ మంచిదే కదా? గొర్రె ఒప్పుకోదు. వాసన చూసి, నా పిల్ల కాదని కాలితో ఒక్కటి తంతుంది. అప్పుడు కురుమలు చచ్చిన పిల్ల తోలు తీసి, నాలుగు మూలలా దారాలు కట్టి, తల్లిలేని పిల్ల వీపున కప్పుతారు. తన పిల్ల వాసన తగిలేసరికి గొర్రె మెత్తబడుతుంది. పని వినడానికి సుళువే, చేయడానికి ఓపిక కావాలి. ఒక రోజు తంతుంది, రెండు రోజులు తంతుంది. బుగ్గమ్మ ఆ తన్నులు తింటూ పక్కనే కూర్చునేది.

"గొర్రెను మోసం జేస్తున్నవు గదనే అవ్వా," అన్నాడు ఓసారి చిన్న బిచ్చయ్య.

"గొర్రెకు తెల్వదనుకుంటున్నవా? అన్ని తెలుస్తయి దానికి. పాలియ్యాలెననే ఉంటది. కాకపోతే ఓ సాకు గావాలె, గంతే," అంది బుగ్గమ్మ.

ఇక ఆ ఊరి పటేలు ఇల్లు. పటేలు చిన్న వయసులోనే పోయినా ఆయన భార్య కాశమ్మ సేద్యం ఎక్కడా సడలనీయలేదు. మాట కటువు, చేయి గట్టి. నలభై ఎనిమిదిలో రజాకార్ల గడబిడప్పుడు ఆ ఇంటి మీద కన్ను పడింది. కాశమ్మ పిల్లల్ని తీసుకుని కట్టుబట్టలతో పారిపోయింది. ఎటు పోవాలో తెలియక, పడుతూ లేస్తూ వికారాబాద్ పక్కనున్న అనంతగిరి గుట్టల్లోకి చేరింది. వానాకాలం మేతకని బుగ్గమ్మ అప్పుడు మందతో అక్కడే ఉంది.

పెద్దవాడు మహేందర్‌కు ఎనిమిదేళ్లుంటాయి. నడిమి పిల్ల దేవమ్మ. చంకలో చంద్రశేఖర్. దేవమ్మకు ఒళ్లు పెనంలా కాలుతోంది, నీళ్లు తాగినా కక్కుతోంది. బుగ్గమ్మ తన గొంగడి తీసి ఆ పిల్లకు చుట్టి, తాను వానలో తడుస్తూ కూర్చుని, మేకపాలు చుక్కచుక్కగా నోట్లో పోసింది.

"అక్కా, నా బిడ్డ బతుకుతదా?" కాశమ్మ ఏడుస్తూ అడిగింది.

"ఎందుకు బతకది పటేలమ్మా? పాలు లోపట నిలవడ్డయి సూడు. జర ఓపిక వట్టు."

పటేలమ్మ కురుమ ఇంటి కుండలో కూడు తిన్నది ఆ గుట్టల్లోనే, కురుమ ఆడదాన్ని అక్కా అన్నదీ అక్కడే. "ఈ జన్మల నీ మేలు మరువ అక్కా," అని చేతులు పట్టుకుంది. మిలిటరీ వచ్చింది, రజాకార్లు పోయారు, పటేలమ్మ మళ్లీ తన ఇంటికి చేరింది. అక్కా అన్న పిలుపు మాత్రం గుట్టల్లోనే ఉండిపోయింది. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న! బుగ్గమ్మ దాన్ని పట్టించుకోలేదు. దేవమ్మ మాత్రం ఈమె ఎదురైతే చాలు, వచ్చి గొంగడిలో దూరేది.

ఆరేళ్లు గడిచాయి. చిన్నవాడు చంద్రశేఖర్‌కు జ్వరం తగిలింది. సంగతి వినగానే బుగ్గమ్మ మేకపాలు తీసుకుపోయి, పిల్లవాడికి తాగించి, ఉప్పుతో దిష్టి తీసి వచ్చింది. మర్నాడు పిల్లవాడు పోయాడు. పుట్టెడు దుఃఖంలో ఉన్న కాశమ్మ దగ్గరికి జీతగాడు హనుమంతు పరుగున వచ్చాడు. బుగ్గమ్మ దొడ్డి కంచె మీద చిన్న తోలొకటి ఆరేసి ఉందట, దానికి నాలుగు దిక్కులా దారాలు కట్టి ఉన్నాయట. ఇంకేం కావాలి? బాణామతి! దిష్టి తీసినట్టు నటించి పిల్లవాడి ప్రాణం ఆ తోల్లోకి లాగిందన్నారు. అంతకు ముందురోజే ఓ గొర్రె పరాయి పిల్లను ఒప్పుకుంటే, పని తీరిన తోలును బుగ్గమ్మ కంచె మీద వేసింది. గొర్రెలు కాసే ఇళ్లల్లో పసిపిల్లవాడికి కూడా తెలిసిన సంగతది. నాగలి పట్టిన ఇళ్లల్లో ఎవరికీ తెలియదు.

బుగ్గమ్మను చావడి దగ్గర నిలబెట్టారు. ఊరంతా చుట్టూ మూగింది.

"పటేలమ్మా, గది తల్లిలేని పిల్లకు కప్పిన తోలు. గొర్రె పాలియ్యాలెనని కప్పిన. నా కొడుకు మీద ఒట్టు," అంది బుగ్గమ్మ.

"నా కొడుకును మింగి నీ కొడుకు మీద ఒట్టేస్తున్నవానే!" అని కాశమ్మ గుండెలు బాదుకుంది.

బుగ్గమ్మ తన మరిది అనంతయ్య వైపు చూసింది. అతనూ కురుమే, అతనికీ మంద ఉంది, ఆ తోలు ఏమిటో అతనికి తెలుసు. ఒక్క మాట అంటే చాలు. అనంతయ్య మంద పటేలమ్మ చేలల్లోనే కూర్చుంటుంది మరి. అతను తల దించుకున్నాడు.

"దీని పండ్లు రాలగొట్టుండ్రి. మంత్రం నోరు దిరగద్దు," అంది కాశమ్మ. పళ్లు లేని నోటికి మంత్రం పలకదని అక్కడి నమ్మకం. రాయి ఎవరు పట్టారో చెప్పుకోవడం అనవసరం. పట్టినవాడు ఒకడు, చూసినవాళ్లు ఊరంతా. ఆ రోజు నుంచి ఆమెకు ఊరి బావిలో నీళ్లు లేవు, ఆమె మందకు ఎవరి చేలోనూ చోటు లేదు.

బుగ్గమ్మ ఏమీ అనలేదనుకుంటే పొరపాటు. దొడ్డిలో గొర్రెల మధ్య కూర్చుని, "నీ ఇల్లు పాడుగాను, నీ నోట్ల మన్నువడ" అని కాశమ్మను కడుపారా తిట్టింది. తిట్టి, ఆ ఇంట్లో దేవమ్మ ఉందని గుర్తొచ్చి చెంపలు వేసుకుంది. ఎండిన జొన్నరొట్టె ఆమె కొరకలేకపోయేది. నీళ్లలో నానబెట్టుకుని, పిసికి మింగేది. అది చూసినప్పుడల్లా బిచ్చయ్యకు రక్తం మరిగేది.

"మంద అమ్ముదాం అవ్వా. కరణ్‌కోట దిక్కు బండలు గొట్టే పని దొర్కుతది. గీ ఊరి మొఖం సూడద్దు. పాముకు పాలు వోసినట్టాయె నీ మంచితనం."

"పోయినంత మాత్రాన పండ్లు మొలుస్తయా కొడుకా? వాళ్లు నా పండ్లు దీస్కున్నరు. నా గుణం గూడ వాళ్లకే ఇచ్చిపోతే ఇగ నాకేం మిగుల్తది?"

ఆ మాట మీదే ఆమె బతికింది. పాలు చాలని తల్లులు ఊళ్లో ఎప్పుడూ ఉంటారు. బుగ్గమ్మ ఎదురైతే కొంగు అడ్డం పెట్టుకుని తప్పుకునే ఆడవాళ్లే, దొడ్డి వెనక కంచె సందులో చెంబు పెట్టి పోయేవారు. ఎవరి చెంబో ఆమెకు తెలుసు. తన మీద దుమ్మెత్తి పోసిన వాళ్ల చెంబు కూడా తెలుసు. అన్నింట్లోనూ పాలు పోసి, మూత పెట్టి, అక్కడే ఉంచేది. ఒక్కోసారి ఆమెకు ఉక్రోషం వచ్చేది కూడా. అయినా చెంబు ఖాళీగా మాత్రం పోలేదు.

అట్లా ఇంకో ఆరేళ్లు. మహేందర్‌కు పెళ్లయింది, భార్య రామమ్మ. దేవమ్మను యాలాల్‌కు ఇచ్చారు. ఆ ఏడు చలి వెనకపట్టి ఎండలు మొదలయ్యే రోజుల్లో రామమ్మకు మగపిల్లవాడు పుట్టి, పురుడు కూడా కాకముందే పోయాడని ఊళ్లో అనుకుంటుంటే బుగ్గమ్మ విన్నది. తర్వాత కొద్ది రోజులకే, పట్టపగలు, మహేందర్ చెంబు పట్టుకుని తిన్నగా దొడ్డి ముందుకే వచ్చాడు.

"మేకపాలు గావాలె," అన్నాడు, ముఖం చూడకుండా.

"ఎవలికి?"

"చెల్లె బిడ్డకు."

"దేవమ్మ కాన్పయిందా? దానికి పాలు రాలేదా?"

"దేవమ్మ లేదు," అన్నాడు మహేందర్. "కాన్పులనే పోయింది. ఆడపిల్ల. బండ్లె ఏసుకొని తీస్కొచ్చినం."

బుగ్గమ్మ ఉన్నచోటనే కూలబడింది. తన గొంగడిలో ముడుచుకున్న పిల్ల, తన చేతి పాలు తాగి లేచిన పిల్ల!

"రామమ్మ నిండు పాలమీదుంటది గదా? ఇస్తలేదా?" అంది చివరికి.

"ముడ్తలేదు. నా పిల్లగాడు మట్టిలున్నడు, ఇంకోల పిల్లకియ్య అంటది. ఒళ్లె వెడితే తోసేసింది. మేకపాలు వోస్తే పిల్ల కక్కుతున్నది. నీ మేకలవన్న నిలుస్తయేమోనని వచ్చిన."

బుగ్గమ్మ కొంగు దులుపుకుని లేచింది. బిచ్చయ్య దారికి అడ్డం నిలబడ్డాడు.

"కొరివితోని తల గోక్కుంటవా అవ్వా? ఆ పిల్ల ఎట్లన్న సచ్చేటట్టే ఉన్నది. నువ్వు ముట్టినంక సస్తే, బుగ్గమ్మ ముట్టింది, సచ్చింది అంటరు. ఈపారి పండ్లు గాదు, పానమే దీస్తరు."

"భయమైతున్నది కొడుకా. అబద్ధమెందుకాడాలె?"

"మరి ఎందుకు పోవుడు?"

"గొర్రె తంతదని పిల్లను ఆకలికి ఇడుస్తమా?" అని, కొడుకును పక్కకు జరిపి నడిచింది.

తిన్నగా పటేలమ్మ ఇంటికి పోలేదు. ముందు చాకలి భాగమ్మ ఇంటికి పోయింది. పురిటి ఇంటి మైలబట్టల మూట భాగమ్మ ఇంటి వెనక అట్లాగే పడి ఉంది. పోయిన పిల్లవాడికి చుట్టిన పాత చీరముక్క అందులో ఉంది. "ఉతకలేదు గదా?" అని రెండుసార్లు అడిగింది బుగ్గమ్మ. "లేదు గనీ, నువ్వడగలే, నేనియ్యలే," అని భాగమ్మ ముఖం అటు తిప్పుకుంది. బుగ్గమ్మ ఆ ముక్క మూలలు చించి నాలుగు పీలికలు తీసి, చేతిలో పట్టుకుని పోయింది.

కాశమ్మ అరుగు మీద ఉంది. వస్తున్నది ఎవరో చూసింది, చేతిలో ఏముందో చూసింది. సొంత మనవడు చచ్చిపోయినప్పుడు చుట్టిన బట్ట, బాణామతి బుగ్గమ్మ చేతిలో! ఆమె అరిచిన అరుపుకు వాడ వాడంతా బయటికి వచ్చింది.

"ఓసే! ఇంకెవల్ని మింగ వచ్చినవే? హనుమంతూ, కట్టె దీస్కరారా!"

హనుమంతు కట్టె తెచ్చాడు. బుగ్గమ్మ అరుగు కిందనే ఆగింది.

"కొట్టాల్నంటే ఎనక కొట్టుండ్రి పటేలమ్మా. యాడికి పోను. ఆ పిల్ల ఏడుపు జర ఇనుండ్రి. ఎంత సన్నగైందో ఇనుండ్రి. ఇంకింతసేపైతే ఏడ్వనీకె గూడ బలముండది."

అంతా ఆగి విన్నారు. లోపలి నుంచి వచ్చేది ఏడుపులా లేదు, మూలుగులా ఉంది. మహేందర్ వచ్చి తల్లి భుజాలు పట్టుకుని పక్కకు జరిపాడు. కాశమ్మ రమ్మనలేదు, వద్దనీ అనలేదు. బుగ్గమ్మ ఆ గడప దాటింది.

రామమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఎవరు వచ్చారో కూడా చూడలేదు. బుగ్గమ్మ పసిగుడ్డును ఎత్తుకుని, ఆ పాత బట్ట వీపున కప్పి, పొట్ట కింద పీలికలతో ముడి వేసింది. ఒళ్లో పెట్టలేదు, పాలిమ్మని అడగలేదు. రామమ్మ వీపు వెనక, వాసన తగిలేంత దగ్గరలో పడుకోబెట్టి, తాను దూరంగా పోయి మూలన కూర్చుంది. గొర్రె దగ్గరైనా అంతే, బలవంతం చేస్తే తన్నుడు ఎక్కువవుతుంది.

చాలాసేపు ఏమీ కాలేదు. తర్వాత రామమ్మ మెల్లగా ఇటు తిరిగింది.

"ఇది నా పిల్లగాని బట్ట."

"అవు బిడ్డా, వానిదే. నిన్ను మోసం జేస్తలేను. ఇది వాడు గాదు, దేవమ్మ బిడ్డ. వాని బట్ట దీనికి కప్పిన, గంతే."

రామమ్మ ఆ బట్టను ముఖానికి అదుముకుంది. పిల్ల కూడా బట్టతో పాటే వచ్చింది. కొడుకు పోయినప్పటి నుంచి కన్నీటి చుక్క రాల్చని మనిషి, అప్పుడు గోడలు అదిరేట్టు ఏడ్చింది. ఏడుస్తుంటే రవిక తడిసిపోయింది. పిల్ల నోరు దాని చోటు అదే వెతుక్కుంది.

"గట్లనే ఏడ్వు బిడ్డా, ఏడ్వు," అంది బుగ్గమ్మ. ఆమె కూడా ఏడుస్తోంది, దేవమ్మ కోసం.

కాశమ్మ తలుపు దగ్గర నిలబడి చూసింది. పిల్ల గుటకలు వేయడం చూసింది. ఆ తర్వాత ఆమె చూపు బట్ట మీద, నాలుగు మూలల పీలికల మీద నిలిచిపోయింది. గడప మీదనే కూర్చుండిపోయింది.

"ఆ తోలు... గిందుకేనానే?" అంది.

"గిందుకే పటేలమ్మా," అంది బుగ్గమ్మ. కొంగుతో ముఖం తుడుచుకుని ఇంటికి వచ్చేసింది.

పిల్ల బతికింది. కాశమ్మ కాళ్ల మీద పడిందా? లేదు. కనీసం తప్పయిందందా? అదీ లేదు. బుగ్గమ్మ తప్పు లేదని ఒప్పుకుంటే, తన చంద్రశేఖర్‌ను ఎవరూ చంపలేదని ఒప్పుకోవాలి. ఊరికే పోయాడని, తిట్టడానికి కూడా ఎవరూ లేరని ఒప్పుకోవాలి. ఆ పని ఏ తల్లికైనా కష్టమే. ఇక ఊరంటారా, ఊరి తెలివికి దండం పెట్టాలి! "బాణామతి జేసుడు ఒచ్చు గనకనే తీసుడు ఒచ్చింది," అన్నారు. బిచ్చయ్య ఆ మాట విని కట్టె పట్టుకుని వాడ మీదికి పోబోతే బుగ్గమ్మ కాళ్లకు అడ్డం పడి ఆపింది.

కోతలయ్యాయి. ఒకనాటి పొద్దున కాశమ్మ ఒక్కతే దొడ్డి దగ్గరికి నడిచి వచ్చింది. జీతగాణ్ణి పంపలేదు.

"మా ఎర్రచేను బలం తప్పింది. మందను తోలు," అంది.

"ఊళ్లె ఇంకో మంద లేదా?" అన్నాడు బిచ్చయ్య.

"అనంతయ్య మంద చిన్నది, సాలది."

అనంతయ్య మంద వీళ్ల దానికి రెండింతలుంటుంది. అది బిచ్చయ్యకు తెలుసు, కాశమ్మకు తెలుసు, అక్కడ నెమరేస్తున్న గొర్రెలకు కూడా తెలుసు. బిచ్చయ్య నోరు తెరవబోతే బుగ్గమ్మ వాడి చేయి గట్టిగా నొక్కింది.

"తోల్తం పటేలమ్మా," అంది.

ఆమె పోయాక బిచ్చయ్య మండిపడ్డాడు. "మాఫీ అడగలే అవ్వా! ఒక్క మాట అడగలే!"

"అడగనీకె నోరు వస్తలేదు దానికి. సాకు ఎతుక్కొని ఇంత దూరం నడిచొచ్చింది, సూడలేదా? గొర్రె దగ్గర ఎన్ని దినాలు కూసుంటమో మనిషి దగ్గర అన్ని ఏండ్లు కూసోవాలె కొడుకా."

బిచ్చయ్యకు అది రుచించలేదు. తల్లి మాట కాదనలేక మందను తోలాడు గానీ, చేను ఒక మూలను కావాలనే వదిలేసి, గొర్రెలను ఇవతలే ఆపాడు. ఆ మూల అట్లాగే ఎండిపోనీ అనుకున్నాడు.

మర్నాడు పొద్దున కాశమ్మ గంప నెత్తిన పెట్టుకుని వచ్చింది. ఆచారం ప్రకారం కాపరులకు జొన్నరొట్టెలు. బిచ్చయ్యకు రెండు పెట్టింది. బుగ్గమ్మ రొట్టె కోసం చేయి చాచి, నానబెట్టుకోవడానికి నీళ్ల ముంత దగ్గరికి లాక్కుంది. కాశమ్మ ఆమెకు రొట్టె పెట్టలేదు. గంపలోంచి మూత పెట్టిన గిన్నె తీసి ముందు పెట్టింది. మెత్తగా ఉడికించిన జొన్నరవ్వ గటక, మీద మజ్జిగ.

"రొట్టెలకు పిండి సాలలే," అంది కాశమ్మ, ఎటో చూస్తూ.

గంపలో ఇంకా రొట్టెలు దొంతరగా ఉన్నాయి. బిచ్చయ్య ఆ దొంతర చూశాడు. తల్లి పళ్లు రాలిన నోరు చూశాడు. బుగ్గమ్మ గటక కలుపుకుని తిన్నది, నమలాల్సిన పని లేకుండా, గిన్నె ఊడ్చి తిన్నది.

"ఉప్పు సరివోయిందా?" అంది కాశమ్మ.

"సరివోయింది పటేలమ్మా."

బిచ్చయ్య చేతిలో రొట్టె సగం ఉండగానే లేచాడు. కట్టె తీసుకుని, గొర్రెలను అదిలించి, తను వదిలేసిన చేను మూలకు మందను మళ్లించాడు.